నీ దొంగ గవ్వలతో పాఠం చెప్పాను

ఒరేయ్ సత్తిగా,

తిట్టకు. నీ ఉత్తరం దసరా ముందు వచ్చింది, నేను కార్తీకంలో జవాబు రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, వంటింటి కప్పు ఇంకా కారుతోంది, నా బదిలీ ఫైలు ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

హాస్టల్లో అష్టాచెమ్మ ఆడి నువ్వు ఏడాదిపాటు మా టిఫిన్ డబ్బులు కొట్టేశావే, ఆ నాలుగు గవ్వలు గుర్తున్నాయా? ‘గవర్నరుగారు’ కనిపెట్టేదాకా మాకెవరికీ అనుమానమే రాలేదు. మొన్న తొమ్మిదో తరగతిలో నీ విద్యే వాడానురా.

శీతోష్ణస్థితి పాఠం చెబుతున్నాను. ముందు మాటల దగ్గరే చిక్కు. రోజువారీ ఎండా వానా వాతావరణం, ముప్ఫై ఏళ్ళ లెక్క శీతోష్ణస్థితి అని నేను బోర్డు మీద గీత గీసి మరీ చెబుతానా, మర్నాడు పేపర్లో ‘వాతావరణ మార్పు’ అని వస్తుంది. “ఏది రైటు సార్?” అంటారు. ఈ పేర్లు పెట్టినవాళ్ళెవరో ఒక్కసారి వచ్చి నా క్లాసులో నిలబడాలి. సరే, వదిలెయ్.

మా బడి ఉద్దానంలో కదా. తుఫాను అంటే ఇక్కడ పాఠం కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు ఈ పిల్లలు రెండో తరగతి. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని చెబితే ఒక్కడూ నవ్వలేదు. గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలిరా. తెల్లారేసరికి కొబ్బరితోటలు, జీడితోటలు వేళ్ళతో సహా పడి ఉన్నాయి.

వెనక బెంచీలో ఒకడు లేచి, “భూమి వేడెక్కడం వల్లే తిత్లీ వచ్చిందా సార్?” అన్నాడు. అవునంటే అబద్ధం. కాదన్నా అబద్ధమే. రేపు చెబుతానని తప్పించుకున్నాను.

ఆ రాత్రి నువ్వు గుర్తొచ్చావు. ఎనిమిది గవ్వలు తీసి అన్నిటి నోళ్ళకీ లక్క పూశాను. నాలుగింట్లో మాత్రం, ఆ బరువుకి ఎక్కువసార్లు బోర్లా పడేలా, లక్క కింద సీసం ముక్కలు పెట్టాను. జాలర్లు వలకి కట్టే గుళ్ళు ఉంటాయి చూడు, అవే నలగ్గొట్టి పెట్టాను. చెయ్యి కాల్చుకున్నాను, ఆవిడ చేత తిట్లు తిన్నాను, ఆ భాగం వదిలేస్తున్నా. మర్నాడు రెండు జట్లు చేసి, ఏవి దొంగవో చెప్పకుండా పంచాను. నాలుగూ బోర్లా పడితే అష్టా కాదు, తిత్లీ అనుకోమన్నాను. జట్టుకి వంద పందేలు. తిత్లీలు తక్కువ పడ్డవాళ్ళది గెలుపు.

ఆ గోల నువ్వు వినాల్సింది! ఒక జట్టుకి 7 పడ్డాయి, రెండో జట్టుకి 23. “మోసం! మోసం!” అని బెంచీలెక్కేశారు. ఒకడు గవ్వ తీసుకుని చేత్తో తూచి, “ఇది బరువుగా ఉంది సార్” అన్నాడు. వాడు నీకు వారసుడు.

అప్పుడు విప్పి చెప్పాను. రెండు జట్లూ వేసిన పందేలు వందే. తుఫానుల సంఖ్య పెరిగిపోతుందని శాస్త్రవేత్తలు గట్టిగా అనడం లేదు, భూమి వేడెక్కేకొద్దీ వాటిలో బలమైనవాటి వాటా పెరుగుతుందంటున్నారు. సముద్రం పైనీళ్ళ వేడే తుఫానుకి మేత. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరి మోస్తుంది, అదంతా మన నెత్తిన కురుస్తుంది. సముద్రమట్టం పెరిగిన మేర ఉప్పెన ఇంకా లోపలికి వస్తుంది. మనం కాల్చిన బొగ్గూ పెట్రోలే ఆ సీసం. శాస్త్రవేత్తలు కూడా కంప్యూటర్లో ఇలాగే సీసం ఉన్న లోకం ఒకటి, లేని లోకం ఒకటి పెట్టి వేలసార్లు పందెం వేసి పోల్చి చూస్తారు. ఏ ఒక్క అష్టాని చూపించి ఇది సీసం వల్లే పడిందని నేను చెప్పలేను, 7 కాస్తా 23 ఎందుకయిందో మాత్రం చెప్పగలను అన్నాను. వెనక బెంచీవాడు తల ఊపాడు. నా భుజం నేనే తట్టుకున్నానురా, ఒక్క నిమిషం.

అంతలో ఒక పిల్ల లేచింది. ఏడాదంతా నోరు విప్పని పిల్ల. “తిత్లీకి మా తోట మొత్తం పోయింది సార్. నాన్న మళ్ళీ మొక్కలు వేశారు. ఈ ఏడే కాపుకొచ్చాయి” అంది. మంచిదమ్మా అన్నాను. “ఇప్పుడు మాకిచ్చినవి సీసం గవ్వలేనా సార్?”

క్లాసులో చప్పుడు లేదు. కొబ్బరి నాలుగైదు నెలల పంట కాదు కదా, ఇన్నేళ్ళు నీళ్ళు పోసి...

అవునమ్మా అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. ఇప్పుడు ముందే హెచ్చరికలు వస్తున్నాయి, షెల్టర్లున్నాయి, 1977 దివిసీమలా వేలమంది పోయే రోజులు కావని కూడా చెప్పాను. ఆ పిల్ల వింది. విని, “చెట్లు షెల్టర్‌కి రావు కదా సార్” అని కూర్చుంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. పద్నాలుగేళ్ళ పిల్లకి అలా చెప్పొచ్చా? నువ్వైతే ఏమనేవాడివి? నువ్వు ఏదో వెటకారం ఆడేవాడివి, అది వేరే సంగతి, కానీ నిజంగా...

ఇంకోటి మర్చిపోయాను. క్లాసులో జూదం ఆడిస్తున్నారని ఎవరో ఫోన్ చేశారట, హెడ్మాస్టరుగారు పిలిచి సంజాయిషీ అడిగారు. గవ్వలు టేబుల్ మీద పెట్టి మొత్తం చెప్పాను. ఆయన విని, పందెం వేసి చూశారు. రెండో పందేనికే అష్టా! “ఇవి సీసంవా, మామూలువా?” అన్నారు. నాకూ కలిసిపోయాయి, తెలియలేదు...

పోస్టు తీసుకెళ్ళే కుర్రాడు సైకిల్ బెల్లు కొడుతున్నాడు. ఆ పిల్ల నాన్న రేపు నన్ను తోటకి రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. వెళ్ళొచ్చాక

నీ
గుండ్రాయి

మా టిఫిన్ డబ్బులు ఇంకా బాకీ ఉన్నావు.