ముద్ర కింద పడిపోయిన అంకె: ఐటీ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది ఎల్కతుర్తి మండలంలో ఒక పల్లె. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఇప్పటికి రెండు అర్జీలు, ఒక సమాచార హక్కు దరఖాస్తు, ఒక అప్పీలు పెట్టాను. అర్జీలకు రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. దరఖాస్తుకు జవాబు వచ్చింది కానీ, అసలు కష్టం అది వచ్చాకే మొదలైంది. ఏ కార్యాలయంతో నాకీ అనుభవమో ఇక్కడ రాయను. అక్కడి ఉద్యోగుల మీద నాకు కోపం లేదు, వాళ్లకు పైనుంచి చెప్పేవాళ్లు లేరనే నా బాధ. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

నేను అడిగింది చాలా చిన్నది. మా చుట్టుపక్కల మండలాల్లో భూగర్భ నీటిమట్టం ఏ నెలలో ఎంత లోతున ఉందో గత పదేళ్ల లెక్క. కొలవమని నేను అడగట్లేదు. పీజోమీటర్ బోర్లు, అంటే నీటిమట్టం చూడటానికే వేసే బోర్లు వేసి ప్రభుత్వమే కొలుస్తోంది, ఆ అంకెలు కంప్యూటర్లో ఉన్నాయి. ఆ ఫైలు ఇవ్వమన్నాను, అంతే.

ఎందుకు అడిగానో చెప్పాలి. మా చిన్నాయిన పోయిన యాసంగిలో మూడు బోర్లు వేశాడు. మొదటిది 280 అడుగులు పోయింది, దుమ్ము. రెండోది 320, అదీ దుమ్మే. మూడోదాంట్లో కొంచెం నీళ్లు పడ్డాయి, ఇరవై రోజులు పోసి గ్యాపులు ఇవ్వడం మొదలుపెట్టింది. రెండో బోరు వేసిన రాత్రి నేనూ అక్కడే ఉన్నాను. రాడ్డు మీద రాడ్డు దిగుతుంటే చిన్నాయిన బయటికొచ్చే పొడిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూస్తున్నాడు, ఎక్కడైనా తడి తగులుతుందేమోనని. చిన్నమ్మ గట్టు మీద లారీకి వీపు పెట్టి కూర్చుంది. బోరు లారీ అతను "ఇంకో యాబై ఫీట్లు పోదామా" అని అడిగిన ప్రతిసారీ చిన్నాయిన నా మొహం చూశాడు. చివరికి అన్నాడు, "సదువుకున్నోనివి గదరా, సర్కారోళ్ల కాడ లెక్క ఉంటదంటివి. ఏమున్నది అండ్ల?"

నా దగ్గర ఏమీ లేదు సార్. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోరు ఎక్కడ వేయాలో పాయింట్ చూపించిన మనిషి దగ్గర ఒక మాట ఉంది, నా దగ్గర అదీ లేదు. నీటిమట్టం లెక్క చూస్తే బోరు ఖాయంగా పడుతుందని నేను అనను, రాళ్లలో నీళ్ల సంగతి అంత తేలిక కాదు. కానీ ఏటేటా ఎంత దిగిపోతోందో కళ్లముందు ఉంటే, అప్పు తెచ్చి మూడో బోరు వేసే ముందు ఒక మనిషి ఆగి ఆలోచిస్తాడు. వరి మానుకుని మక్క వేద్దామా అనుకుంటాడు. ఆ ఆలోచనకు ఆధారం కావాలనే నేను తిరుగుతున్నాను.

దరఖాస్తులో "ఎక్సెల్ ఫైలు రూపంలో, సీడీలో గానీ ఈమెయిల్లో గానీ ఇవ్వగలరు" అని స్పష్టంగా రాశాను. పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమని ఉత్తరం వచ్చింది. 46 పేజీలకు 92 రూపాయలు కట్టాను. వచ్చినవి కాగితాలు. కంప్యూటర్లో ఉన్న పట్టికను ప్రింటు తీశారు, దాన్ని స్కాన్ చేశారు, ఆ స్కాన్‌ను మళ్లీ ప్రింటు తీశారు, ప్రతి పేజీ మీదా గుండ్రటి ముద్ర కొట్టారు. అంకెలు మసకబారాయి. గళ్ల గీతలు వంకరపోయాయి. తెలుగు అక్షరాలున్న పేజీలైనా ఫైలుగా ఇవ్వమని మళ్లీ వెళ్లి బతిమాలితే రెండు పేజీలు మెయిల్ చేశారు. అది ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్ కాదు, పాత ఫాంటు. నా కంప్యూటర్లో తెరిస్తే ఊళ్ల పేర్ల చోట పిచ్చి గుర్తులు కనిపించాయి.

పదకొండు రాత్రులు కూర్చుని అదంతా టైపు చేశాను. మా పాప తొమ్మిదో తరగతి, అది చదువుతుంటే నేను కొట్టేవాణ్ణి. 34వ పేజీలో మా ఊరికి దగ్గరి బోరు లెక్క ఉంది, మే నెలది. సరిగ్గా ఆ అంకె మీదే ముద్ర పడింది. పాప 13.80 అంటుంది, నాకు 18.80 లాగా కనిపిస్తుంది. భూతద్దం పెట్టి చూశాం, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసి చూశాం. తేలలేదు. అయిదు మీటర్ల తేడా అంటే పదహారు అడుగులు. ఒకటి నిజమైతే మా దగ్గర నీళ్లు నిలకడగా ఉన్నట్టు, ఇంకొకటి నిజమైతే చేతులెత్తేసినట్టు. నాకు అన్నిటికంటే అవసరమైన గడి అదే.

టైపు చేయడంతో కూడా పని అయిపోలేదు. ఎల్కతుర్తి పేరు ఇంగ్లిషులో ఒక పట్టికలో E అక్షరంతో మొదలవుతుంది, ఇంకోదాంట్లో Y అక్షరంతో. భీమదేవరపల్లి మూడు రకాలుగా ఉంది. మనిషి చూస్తే ఒకే ఊరని తెలుస్తుంది, కంప్యూటర్‌కు మూడు ఊళ్లు. పేర్ల కంటే జిల్లాల సంగతి ఇంకా కష్టం. 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. అప్పటిదాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న మా ఎల్కతుర్తి, కమలాపూర్, భీమదేవరపల్లి వరంగల్ అర్బన్‌లోకి వచ్చాయి. 2021లో ఆ జిల్లా పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. ఇప్పుడు ఒక కాగితం మీద ఉత్తగా "వరంగల్" అని ఉంటే అది ఏ వరంగల్? 2015 కాగితం మీదిదైతే పాత ఉమ్మడి జిల్లా. ఈ మధ్యదైతే వేరే హద్దులున్న చిన్న జిల్లా. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పుడు లెక్క వస్తుంది, ఆ తప్పు ఎవరికీ తెలియను కూడా తెలియదు. జిల్లాలు మార్చడం తప్పని నేననను. ఏ మండలం ఎప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో ఒక పట్టిక జతచేసి ఇస్తే సరిపోయేది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ నంబరు ఉంది. ప్రతి వరుసలో ఆ నంబరు వేస్తే పేరు ఎలా రాసినా బాధ లేదు. ఒక్క కాలమ్ ఎక్కువ పెట్టే పని సార్ అది.

చట్టం మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా కాగితాలు తిరగేసి తిరగేసి నాకు కంఠస్థం అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె)లో ఫ్లాపీల మాట కూడా ఉంది, ఎలక్ట్రానిక్ రూపంలో తీసుకునే హక్కు అప్పుడే రాశారు. 7(9)లో మామూలుగా అడిగిన రూపంలోనే ఇవ్వాలని ఉంది. 4(2) అయితే, జనం దరఖాస్తు పెట్టుకునే అవసరమే రాకుండా తమంతట తామే సమాచారం బయటపెడుతూ ఉండాలంటుంది. 2012 జాతీయ డేటా పాలసీ, మనుషులకూ యంత్రాలకూ చదవడానికి వీలైన రూపంలో ఇవ్వాలంది. దాని బాటలోనే 2016లో మన రాష్ట్రం ప్రభుత్వ లెక్కలు అందరికీ అందుబాటులో పెట్టే ఓపెన్ డేటా పాలసీ సొంతంగా తెచ్చుకుంది, పోర్టల్ పెట్టుకుంది. ఆ రోజు నేను మా పిల్లలకు క్లాసులో గర్వంగా చెప్పాను. ఇప్పటికీ ఆ పాలసీ మీద నాకు నమ్మకం ఉంది, లేకపోతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. కానీ పాలసీ సచివాలయంలో ఉండి, కింది కార్యాలయాల్లో ఇంకా ప్రింటరూ స్కానరూ ముద్రే రాజ్యం చేస్తుంటే మాలాంటివాళ్లకు అందేదేమిటి?

2023 ఆగస్టులో వ్యవసాయ సమాచారం పంచుకునే వేదికగా వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్ ప్రారంభించి ఖమ్మం జిల్లాలో మొదలుపెట్టారు. మంచి పని. స్టార్టప్‌లకు, కంపెనీలకు డేటా అందాలి. అదే శ్రద్ధలో కొంచెం, ఒక ఊరి లెక్చరర్‌కు ఒక ఎక్సెల్ షీటు ఇప్పించడం మీద పెట్టలేమా? కంపెనీకి మనుషులున్నారు, తిప్పలు పడి సరిచేసుకుంటారు. నాకు ఉన్నది మా పాప, అదీ పరీక్షలు మొదలయ్యేదాకా.

అప్పీలు వేసి 45 రోజులు దాటింది. ముప్పై రోజుల్లో, లేదంటే కారణం రాసి 45 రోజుల్లోపు తేల్చాలన్న గడువు కూడా అయిపోయింది. సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేసుకోవచ్చని తెలుసు. అది తేలేసరికి ఎన్ని యాసంగులు గడుస్తాయో తెలియదు, ఆ టెన్షన్ నాది.

అందుకని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఏ శాఖ అయినా కంప్యూటర్లో ఉన్న పట్టికను ప్రింటు తీయకుండా ఆ పట్టికగానే ఇవ్వాలని ఒక్క ఆదేశం ఇప్పించండి. ఊరి కోడ్ వేయమనండి. తెలుగు యూనికోడ్‌లోనే ఉండాలనండి. నెలనెలా ఫలానా తారీఖున పెడతామని చెప్పి ఆ తారీఖున పెట్టమనండి. ఇవన్నీ ఒకేసారి కాకపోతే మొదటిదొక్కటి చాలు, ఉన్న ఫైలు ఉన్నట్టు ఇవ్వమనండి. కొత్త సాఫ్ట్‌వేర్ వద్దు, కొత్త యాప్ వద్దు, ఫైలు ఇవ్వమనండి.

మా చిన్నాయిన సంక్రాంతి అయ్యాక నాలుగో బోరు వేస్తానంటున్నాడు. పాయింట్ చూసే మనిషికి అప్పుడే ఫోన్ చేశాడు. వద్దని చెప్పడానికైనా, వేయమని చెప్పడానికైనా నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అర్జీల రసీదులు, 46 పేజీల కాపీలు దీనితో జతచేసి మీ పేషీకి పంపుతున్నాను. ఆలోపు 34వ పేజీలో ముద్ర కింద ఉన్నది 13నా, 18నా, అదొక్కటి ఎవరితోనైనా చూపించి చెప్పించండి.

ఇట్లు,
ఎల్కతుర్తి మండలం నుంచి ఒక జూనియర్ లెక్చరర్