డోల్మా లా ఎక్కే ముందు ఆగే రోజులు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కైలాస మానససరోవర యాత్ర ప్రకటనలు ఈ మధ్య మీ ఆదివారం పేజీల్లో చాలా వస్తున్నాయి. టిబెటన్ల లెక్కలో 2026 గుర్రపు సంవత్సరం. ఈ ఏడాది చేసే ఒక్క పరిక్రమ పదమూడింటితో సమానమని వాళ్ల నమ్మకం. అది విని మన ఊళ్ల నుంచి పెద్దవాళ్లు కూడా ఉత్సాహంగా పేర్లు ఇస్తున్నారు. ప్రకటనల్లో తెలుగు వంటమనిషి ఉంటాడని, గుర్రం మాట్లాడి పెడతామని రాస్తున్నారు. పరిక్రమ రెండో రోజు దాటాల్సిన డోల్మా లా కనుమ 5,630 మీటర్ల ఎత్తులో ఉందన్న మాట మాత్రం నేను చూసిన ఒక్క ప్రకటనలోనూ లేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా అక్క, బావగారితో కలిసి నేపాల్ మీదుగా ఈ యాత్ర చేశాను. ఆ దారి ఎలా ఉంటుందో చెప్తాను. ఖాట్మండు సుమారు 1,400 మీటర్ల ఎత్తు, సరిహద్దు దాటాక వచ్చే కేరుంగ్ సుమారు 2,800. అక్కడి నుంచి బస్సెక్కితే సాయంత్రానికల్లా దాదాపు 4,500 మీటర్ల ఎత్తులోని సాగాలో దింపుతారు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కడం ఆపి విశ్రాంతి తీసుకోవాలని పర్వత వైద్యం తెలిసిన డాక్టర్లు చెప్తారు. ఇక్కడ ఒక్క పగటిలో 1,700 మీటర్లు! బస్సులో కూర్చునే వెళ్తాం కాబట్టి కష్టం తెలియదు. ఒంటికి తెలుస్తుంది.

సాగాలో మా బృందంలో సగం మందికి తలనొప్పి, వికారం. అన్నం సయించలేదు, నిద్ర లేదు. చాలామంది బయటికి చెప్పలేదు. చెప్తే దర్శనం కాకుండా వెనక్కి పంపేస్తారని భయం. ఈ భయమే అన్నిటికంటే ప్రమాదమని నేను అనుకుంటున్నాను. మా బావగారు కూడా ‘గ్యాస్ అయ్యుంటుందమ్మా’ అంటూ రెండు రోజులు నెట్టుకొచ్చారు. పరిక్రమలో మొదటి రాత్రి ఆగే డేరాపుక్ చేరిన సాయంత్రం ఆయన మాట ముద్దగా వస్తోందనిపించి, ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ తిన్నగా నాలుగడుగులు వేయమన్నాను. తూలిపోయారు. అది ఎత్తు పడక మెదడు వాచే లక్షణం. ఇంకొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కూర్చున్నా ఆయాసం, గులాబీ రంగు నురగతో దగ్గు. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్, మాత్రలు దిగేదాకా కాపాడటానికి.

బృందాన్ని నడిపించే ఆయన ‘ఇంత దూరం వచ్చారు, శివుడే చూసుకుంటాడు, పొద్దున్న గుర్రం ఎక్కించేద్దాం’ అన్నాడు. గుర్రం ఎక్కితే కాళ్లకు శ్రమ తగ్గుతుంది గానీ గాలి పెరగదు కదా. నేను గట్టిగా పట్టుబట్టి ఆ రాత్రే ఒక సహాయకుణ్ణి, అక్కను తోడిచ్చి బావగారిని పరిక్రమ మొదలయ్యే ఊరు దర్చెన్‌కు, తెల్లారాక ఇంకా కిందికి పంపించాను. దిగేకొద్దీ తేరుకున్నారు. ఈ రోజు మా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు.

ఇదంతా డేరాపుక్‌లోనే ఎందుకు తేల్చుకోవాలంటే, కనుమ ఎక్కడం మొదలుపెట్టాక తేల్చుకోవడం చాలా కష్టం. నేను మర్నాడు చీకటితోనే బయల్దేరాను. ఆఖరి ఎక్కుడు అంతా బండరాళ్లు, మధ్యమధ్యలో గడ్డకట్టిన మంచు. ఆ ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ మన కొవ్వూరులో అందేదానిలో దాదాపు సగమే. పది అడుగులు, ఆగడం, మళ్లీ పది అడుగులు. నా పక్కనుంచి ఒక టిబెటన్ ముసలమ్మ జపమాల తిప్పుకుంటూ చకచకా వెళ్లిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ గాలే పీల్చిన మనిషి. పైన రంగు జెండాలు కట్టిన డోల్మా రాయికి తల ఆనించి దండం పెట్టుకున్నాను. నా జీవితంలో అంత సంతోషపడిన క్షణాలు తక్కువ. వద్దని ఎవరినీ ఆపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

కానీ అవతలి వైపు దిగుడు మరీ నిటారు. గుర్రాల మీద వచ్చినవాళ్లను కూడా దింపేసి నడిపిస్తారు. కింద గౌరీకుండం సరస్సు పచ్చగా కనిపిస్తున్నా చూపు రాళ్ల మీద నుంచి తీయలేం. అది దిగాక కూడా రెండో రాత్రి ఆగే జుతుల్‌పుక్ వరకు నది వెంట గంటల తరబడి నడక ఉంటుంది. ఆ మధ్యలో ఎవరైనా పడిపోతే వాళ్లను మోయడానికి పక్కనున్న మనుషులే దిక్కు.

విదేశాంగ శాఖ ఆధ్వర్యంలో ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్ కనుమ మీదుగా వెళ్లేవారికి ఢిల్లీలో ఒకసారి, దారిలోని గుంజిలో మరోసారి వైద్య పరీక్షలు చేస్తారు. 70 ఏళ్లు దాటినవారిని తీసుకోరు. ప్రైవేటు ట్రావెల్స్ వాళ్లు అంత చేయలేకపోతే కనీసం ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో కరపత్రంలో అచ్చు వేయాలి. కేరుంగ్‌లో, సాగాలో ఒక్కో రోజు అదనంగా ఆపాలి. ఖర్చు పెరుగుతుందంటారు, పెరగనివ్వండి. మధ్యలో దిగిపోవాల్సిన వారి కోసం ఒక మనిషి, ఒక బండి విడిగా సిద్ధంగా ఉండాలి. డేరాపుక్ నుంచే కైలాసం ఉత్తర ముఖం నిండుగా కనిపిస్తుంది. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్లకు దర్శనం అయినట్టే. ఈ మాట ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లకు బయల్దేరకముందే చెప్పాలి.

వెళ్లేవారు ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్రల సంగతి ముందే తమ డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివారు ఆ విషయం తప్పక చెప్పండి. అక్కడ నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు, శ్వాస ఇంకా మందగిస్తుంది.

యాత్ర ప్రకటనల పక్కనే మీరు ఈ ఎత్తుల పట్టిక కూడా వేస్తే చాలామందికి ఉపయోగం. కావాలంటే నేను రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కొవ్వూరు