నాలుక కోయించే ముందు చెవి పరీక్ష చేయించండి

సంపాదకులకు నమస్కారం.

అయిదేళ్ల బిడ్డ ‘అక్క’ను ‘అత్త’ అంటుంటే ఇంట్లో ముద్దుగానే ఉంటుంది. ఆ బిడ్డే బడిలో ‘కోట’ను ‘తోట’ అని పలికి, అలాగే రాస్తే అప్పుడు కంగారు మొదలవుతుంది. వస సరిగా పోయలేదని ఒకరు, నాలుక మందమని ఒకరు అంటారు. నత్తి అని పేరు పెట్టేవాళ్లూ ఉంటారు, కానీ మాట తడబడి ఆగిపోవడం వేరు, ఒక ధ్వనికి బదులు మరొకటి పలకడం వేరు. నాలుక కింది పొర కోయిస్తే సరిపోతుందన్న సలహా మాత్రం ప్రమాదకరం. ‘క’ పలికేది నాలుక కొనతో కాదు, నాలుక వెనక భాగం పైకి లేచి మెత్తటి అంగిలిని తాకితేనే ఆ ధ్వని వస్తుంది. కొన కింద కోస్తే ‘క’ ఎలా వస్తుంది? ‘ల’, ‘న’ చక్కగా పలికే బిడ్డకు మాట కోసం ఆ కోత అక్కర్లేదు.

మూడేళ్లలోపు ఇలాంటి మార్పులు సహజం. 27 భాషల అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్ష ప్రకారం, అయిదేళ్లు నిండేసరికి పిల్లలకు తమ భాషలోని హల్లులు చాలావరకు వచ్చేస్తాయి. నాలుగేళ్లు దాటినా బిడ్డ మాట కొత్తవాళ్లకు అర్థం కాకపోతే ‘అదే వస్తుందిలే’ అని ఊరుకోకూడదు.

మొదట చూడాల్సింది వినికిడి. జలుబుతో మధ్యచెవిలో నీరు చేరిన బిడ్డ పిలిస్తే పలుకుతుంది, ‘స’ లాంటి సన్నని ధ్వనులు మాత్రం సరిగా అందవు. చప్పట్లు కొట్టి చూస్తే ఇది బయటపడదు. ఎంత సన్నటి శబ్దం వినబడుతుందో కొలిచే ఆడియోమెట్రీ, కర్ణభేరి కదలికను చూసే టింపనోమెట్రీ చేయించాలి. తర్వాత టార్చి వేసి అంగిలి, కొండనాలుక చూడాలి. ఆపైన బొమ్మలు చూపించి, మనం ముందుగా చెప్పకుండా బిడ్డ చేతే పేర్లు చెప్పించాలి. ఇంగ్లిష్ చార్టును అనువదిస్తే కుదరదు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ప్రతి హల్లునూ మాట మొదట్లో, మధ్యలో, ద్విత్వంలో వినాలి. పలకాల్సిన హల్లుల్లో సగం కూడా సరిగా రాకపోతే సమస్య తీవ్రం, 85 శాతం దాటితే స్వల్పం. ‘అరటిపండు’ను మూడుసార్లు మూడు రకాలుగా పలికే బిడ్డ విషయం వేరు, ఆ చికిత్సా వేరు.

ఒక్క జాగ్రత్త. ‘నీళ్లు’ను ‘నీల్లు’ అనడం, ‘భాష’ను ‘బాస’ అనడం చాలా ఇళ్లలో పెద్దల మాటే. అది యాస. దాన్ని లోపంగా రాసేస్తే ఏ లోపమూ లేని బిడ్డకు మందు వేసినట్టే.

చికిత్సలో ముందుగా నాలుక కొనను స్పాచులా అనే చదునైన పుల్లతో కింది పళ్ల వెనక మెల్లగా అదిమి ‘క’ రప్పిస్తారు. తర్వాత కోక, తోక బొమ్మలు పక్కపక్కన పెడతారు. బిడ్డ కోక కావాలనుకుని ‘తోక’ అంటే తోక బొమ్మే చేతికి వస్తుంది. ధ్వని మారితే అర్థం మారుతుందని అప్పుడు తెలుస్తుంది. అక్షరం, మాట, వాక్యం, చివరికి మామూలు కబుర్లు, ఇదీ వరస. అరగంట సిట్టింగులో కనీసం 50 సార్లు పలికించాలి, ఇంట్లో రోజూ పది నిమిషాలు చేయించాలి. బెలూన్లు ఊదించడం, ఈలలు వేయించడం వల్ల ధ్వనులు రావు. ఆ సమయమంతా వృథా.

2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి ప్రభుత్వ బడులకు వెళ్లాలి. ఆ బృందాల చేతికి పాతిక తెలుగు బొమ్మల కార్డు ఇవ్వాలి. బిడ్డను పెద్దాసుపత్రికి పంపే కాగితంలోనే వినికిడి పరీక్ష తేదీ రాయాలి. ప్రైవేటుకు వెళ్లే తల్లిదండ్రులు స్పీచ్ థెరపిస్టుకు, ఈ రంగంలోని నిపుణులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగాలి. వారానికి రెండు సిట్టింగులంటే కూలి చేసుకునే తల్లికి రెండు రోజుల కూలి, రెండుసార్లు బస్సు ఛార్జీలు. అందుకే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లోని థెరపిస్టులు వారానికి రెండు రోజులు మండల కేంద్రాల్లో కూర్చునేలా ఆరోగ్యశాఖ ఉత్తర్వులివ్వాలి.

— స్పీచ్ థెరపిస్టులు, ఖమ్మం