మా తమ్ముణ్ని మోసినవాళ్లకు, తిట్టి మరీ మోసినవాళ్లకు

హసన్‌పర్తి దగ్గర కరీంనగర్ రోడ్డు మీద జరిగిన బైక్ యాక్సిడెంట్ వీడియో మన హనుమకొండ, వరంగల్ గ్రూపుల్లో చాలామంది చూసే ఉంటారు. ముగ్గురు పిల్లలు ఒకే బండి మీద, ఒక్కరికీ హెల్మెట్ లేదు, ముందు పోతున్న పాల బండిని గుద్దారు. ఆ ముగ్గురిలో ఒకడు మా తమ్ముడు. వాడు బతికాడు, వరంగల్ ఎంజీఎం దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడు. వాడి సోపతిగాడు ఒకడు బతకలేదు. ఈ రెండు మాటలూ ఒకే చోట రాయాల్సి రావడంతోనే ఇన్నాళ్లూ థ్యాంక్స్ చెప్పడానికి చెయ్యి ఆడలేదు. మా బాపు ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ. అమ్మకు చదవడం, రాయడం రాదు. కాబట్టి ఇంట్లో అందరి తరఫున నేనే రాస్తున్నా.

ముందే చెప్తున్నా, తప్పు పిల్లలదే. బండి మీద ఇద్దరికి మించి ఎక్కకూడదని వాళ్లకు తెలియదా? తెలుసు. ముగ్గురెక్కితే వెయ్యి రూపాయల ఫైన్, మూడు నెలలు లైసెన్స్ పోతుందనీ తెలుసు. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా వస్తాయో కూడా తెలుసు. అయినా పోయారు. బండి ఎవరు నడిపారన్నది పోలీసు కాగితాల్లో ఉంది, ఇక్కడ రాయను. అయితే మందు తాగారు, గంజాయి కొట్టారు, రీల్ తీస్తూ గుద్దారు అని తిరుగుతున్న మాటలు మాత్రం అబద్ధం. ఒక ఫ్రెండ్ బర్త్‌డేకి పోయి కేక్ తిని వస్తున్నారు. దవాఖానలో చేసిన పరీక్షలో మందు లేదని తేలింది. అది తేలినంత మాత్రాన స్పీడ్ తప్పు కాకుండా పోదు, ఆ సంగతి మాకూ తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తా.

ఆటో అన్నా, అందరికంటే ముందు నీకు. నువ్వు ఎదురుగా వస్తున్నావు, ఆపాల్సిన పని లేదు. నీ ఆటోలో ప్యాసింజర్లు కూడా ఉన్నారట. దిగి, వాళ్లకు ఇంకో ఆటో మాట్లాడి ఎక్కించి, నువ్వు మా పిల్లల దగ్గర కూర్చున్నావు. జనం మా తమ్ముణ్ని చేతులూ కాళ్లూ పట్టుకుని లేపి నీ ఆటోలో వేయబోతే ఒప్పుకోలేదట. "కాలు వంకర పోయింది, కదిలియ్యకుండ్రి, 108 వస్తది" అని అరిచావట. వాడికి విరిగింది తొడ ఎముక. ఆ ఎముక విరిగితే బయటికి చుక్క కనపడకపోయినా లోపల లీటరు దాకా రక్తం పోతుందని, దాన్ని అటూ ఇటూ లాగితే ఇంకా పోతుందని తర్వాత డాక్టర్ చెప్పాడు. నీకు ఇవన్నీ ఎవరు చెప్పారని అడిగితే, "మా అన్న గిట్లనే పోయిండమ్మా, ఆటోల మడతపెట్టి ఏసుకపోయినం" అన్నావు. 108 బండ్లు 2005లో వచ్చాయి. అంతకుముందు దెబ్బలు తగిలినవాళ్లను మంచాల మీద, ఎడ్లబండ్ల మీద మోసుకుపోయిన సంగతులు బాపు ఇప్పటికీ చెప్తుంటాడు.

ఇంకో మాట కూడా నీకే. పోలీసులు వచ్చాక నువ్వు మెల్లగా తప్పుకోబోయావని కానిస్టేబుల్ సారు నవ్వుతూ చెప్పాడు. స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందని భయం. ఆ భయం చాలామందికి ఉంది, అందుకే రాస్తున్నా. సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. యాక్సిడెంట్‌లో దెబ్బ తగిలినవాళ్లకు మంచి మనసుతో సాయపడినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది వాళ్లిష్టం. పైగా బాగా దెబ్బలు తగిలినవాణ్ని మొదటి గంటలోనే దవాఖానకు చేరేలా చూసినవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే బహుమతి 2025లో 5 వేల నుంచి 25 వేలకు పెరిగింది. నీ పేరు మీద కాగితాలు పెడతానంటే నవ్వావు గానీ, నేను పెట్టి తీరతా.

టిఫిన్ సెంటర్ అక్కా, నీ చేతి దోశ తినకుండానే నీకు రుణపడ్డాం. ఎవరో నీళ్లు తాగించబోతే ఆపింది నువ్వే. వీడియోలు తీస్తున్న పిల్లల మీద అట్లకాడ పట్టుకుని పోయావని విన్నా. "మీ అక్కసెల్లెండ్ల కొడుకైతే గిట్లనే తీస్తరా" అన్నావట. ఆ బతకని అబ్బాయి మీద కప్పింది నీ ఇంట్లో దుప్పటి. దాన్ని తిరిగి అడగలేదు నువ్వు. వాళ్లమ్మ దాన్ని ఉతికి దాచిపెట్టుకుంది, అడగవద్దు కూడా.

రక్తం సంగతి. మా తమ్ముడిది ఓ నెగెటివ్. ఆ గ్రూపు వాళ్ల రక్తం ఎవరికైనా ఎక్కించవచ్చు గానీ, వాళ్లకు మాత్రం ఓ నెగెటివే కావాలి. బ్లడ్ బ్యాంకులో ఉన్నది ఆ రాత్రికే అయిపోయింది. నేను పనిచేసే షాపు ఓనరు ఒక మెసేజ్ పెడితే అది ఎటు తిరిగి ఎటు పోయిందో, తెల్లారేసరికి నిట్ హాస్టల్ నుంచి ఒక అబ్బాయి, కాకతీయ యూనివర్సిటీ నుంచి ఒక చెల్లె, పరకాల నుంచి బస్సులో ఒక పెద్దాయన వచ్చారు. పెద్దాయన ఇచ్చేసి, జూస్ ప్యాకెట్ జేబులో పెట్టుకుని, "మా మనుమనికి" అని పోయాడు. ఇంకో తమ్ముడు రెండు నెలల కిందనే ఇచ్చాడట. మగవాళ్లు మూడు నెలలు ఆగాలని వెనక్కి పంపారు. పోకుండా తన ఫోన్‌లో ఉన్న వాళ్లందరికీ ఫోన్లు చేస్తూ మెట్ల మీద కూర్చున్నాడు. అతనికి రక్తం ఇచ్చినవాళ్లతో సమానంగా దండం పెడుతున్నా.

ఎంజీఎంలో పనిచేసే హౌస్ సర్జన్లు అందరూ మా తమ్ముడి కంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. కాకతీయ మెడికల్ కాలేజీ పిల్లలు. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉంటే కూడా అమ్మ అడిగిన ప్రశ్నకే మళ్లీ మళ్లీ జవాబు చెప్పారు. ఆర్థో వార్డు సిస్టర్‌కు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. డ్రెస్సింగ్ చేసిన ప్రతిసారీ వాణ్ని తిట్టేది. "ఇంకోసారి ముగ్గురెక్కినవని తెల్వాలె, ఆ రెండో కాలు నేనే ఇరగ్గొడ్త." తిడుతూనే దిండు సరిచేసేది. ఆమె డ్యూటీ లేని రోజు వాడు, "సిస్టర్ రాలేదా అక్కా" అని అడిగాడు.

ఇప్పుడు పాల తాత. ఈ పోస్టులో నాకు అన్నిటికంటే కష్టమైన చోటు ఇది.

తాత తన మోపెడ్ మీద క్యాన్లు కట్టుకుని ఇంటికి పోతుంటే వెనక నుంచి గుద్దారు. ఆయన తప్పు గోరంత లేదు. చెయ్యి విరిగింది, మోపెడ్ తుక్కయింది, పాలన్నీ రోడ్డు పాలయ్యాయి. మా తమ్ముడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి విప్పితే రక్తం వాసన కంటే ముందు పులిసిన పాల వాసన కొట్టింది. ప్యాంటు ఒక వైపు అట్ట కట్టినట్టు గట్టిపడిపోయింది. అమ్మ దాన్ని పట్టుకుని "ఎవరి పాలో బిడ్డా" అని ఏడ్చింది.

ఆ తాత, చేతికి కట్టుతో, వార్డుకు వచ్చాడు. మేమందరం లేచి నిలబడ్డాం. తిట్టాడు. వార్డంతా వినపడేట్టు తిట్టాడు. "నా పానం పోతే మా ముసల్దాన్ని మీ అయ్య సాదుతడారా? బర్రెలకు గడ్డెవడేస్తడు?" అని. మా తమ్ముడు తల ఎత్తలేదు. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిట్టడం అయిపోయాక తాత స్టూలు లాక్కుని కూర్చుని, "అన్నం తింటుండా, లోపలికి పోతుందా" అని అమ్మను అడిగాడు. వాడికి ఆ రోజుల్లో తిన్నది ఇమిడేది కాదు. తాత మరుసటి రోజు మనుమరాలి చేత మజ్జిగ పంపాడు.

మా బంధువు ఒకాయన ఇదే అదను అనుకున్నాడేమో, "తాతా, పిల్లగాని బతుకు, కేసు మాట జర ఆలోచించు" అన్నాడు. తాత కంటే ముందు బాపే ఆయన్ను ఆపాడు. కేసు నడుస్తుంది. నడవాలి కూడా. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ ఆరు నెలల్లోపు వేసుకోవాలని వకీలు చెప్పాడు. ఆ కాగితాలు నేనే తాతతో పాటు తిరిగి పెట్టిస్తున్నా. ఆలోపు పాల వాడకందార్ల ఇళ్లకు మా చిన్నాయన కొడుకు పొద్దున్నే పాలు వేసి వస్తున్నాడు. తాత మమ్మల్ని క్షమించాడో లేదో అడగలేదు, అడిగే హక్కు మాకు లేదు. మజ్జిగ మాత్రం పంపాడు.

తిట్టడం తప్పని నేను అనడం లేదు. సిస్టర్ తిట్టింది, తాత తిట్టాడు, ఆటో అన్న కూడా మా తమ్ముడు ఇంటికి వచ్చాక చూడటానికి వచ్చి చెవి మెలిపెట్టి పోయాడు. వీళ్లంతా చెయ్యాల్సింది చేసి తిట్టారు. మరి వీడియో కింద "పీడ పోయింది", "ఇట్లాంటోళ్లు భూమికి భారం", "ఇంకో ఇద్దరు కూడా పోతే రోడ్డు సాఫయ్యేది" అని రాసినవాళ్లు? వాళ్లలో ఒకరిద్దరు మాకు ముఖపరిచయం ఉన్నవాళ్లే. మంచివాళ్లే కూడా, ఎదురుపడితే ఎట్లున్నారని అడుగుతారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలోనే హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు దేశం మొత్తం మీద 50,029 మంది. అందరూ పీడలేనా? అంతమంది ఇళ్లల్లో ఫోన్లు ఉంటాయి కదా.

ఆ బతకని అబ్బాయి వాళ్లమ్మకు ఫోన్‌లో చదవడం బాగా వచ్చు. పిల్లవాడే నేర్పాడు. పక్కింటివాళ్లు ఫోన్ లాక్కునేదాకా ఒక్కొక్కటీ చదివింది. నేను పోయి కూర్చుంటే, "మా వాడు ముగ్గురెక్కిన బండి మీద పోతడని వీళ్లందరికీ ఎట్ల తెలుసు, నాకు తెల్వదాయె" అంది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమె ఇంటికి అన్నం వండి పంపిన వాడకట్టు వాళ్లకు, స్కూల్లో వాడికి చదువు చెప్పి, ఏమీ మాట్లాడకుండా రోజూ వచ్చి కూర్చుని పోయిన మేడమ్‌కు, నా తరఫున కూడా దండాలు.

వీడియో ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే డిలీట్ చేయండి. మా తమ్ముడి ముఖం కనపడుతుందని కాదు. వాడి పక్కన ఇంకొకడు ఉన్నాడు.

మా తమ్ముడికి తొడలో రాడ్ వేశారు. వాకర్ పట్టుకుని నడుస్తున్నాడు. పరీక్షలు ఈసారి పోయినట్టే. వాడిని పలకరించడానికి వచ్చేవాళ్లు రండి, తిట్టాలనుకుంటే తిట్టండి, గట్టిగా తిట్టినా పర్వాలేదు. ఆ అబ్బాయి గురించి మాత్రం వాడే ఎత్తితే తప్ప మీరు ఎత్తకండి.

చివరిగా ఒకరు దొరకలేదు. 108 వచ్చేదాకా మా తమ్ముడి తల రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని, నిద్రపోనివ్వకుండా ఇంట్లో వాళ్ల పేర్లు అడుగుతూ కూర్చున్న అన్న. నా నంబర్ వాడి నోట చెప్పించి నాకు ఫోన్ చేసింది కూడా ఆయనే. చేసింది వేరే ఎవరి ఫోన్ నుంచో, వాళ్లకూ ఆయన తెలియదట. నీలం చొక్కా, చేతిలో ఎరువుల సంచి, గొంతు ములుగు వైపు యాసలా ఉంది. అన్నా, ఇది మీ దాకా వస్తే ఆ టిఫిన్ సెంటర్‌లో ఒక మాట చెప్పి పొండి. అక్క నాకు చెప్తుంది. మీ సంచి ఆ గొడవలో అక్కడే మరిచిపోయారు, అక్క లోపల భద్రంగా పెట్టింది.