రొయ్యకు చేసే పరీక్ష మా బావి నీళ్ళకూ చేయించండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గర్లోని ఊరు. మా పెరటి బావి నీళ్ళు పదేళ్ళ కిందట తాగేవాళ్ళం. ఇప్పుడు ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకదు. బిందె అడుగున తెల్లటి పొర కడుతోంది. వంటకు కూడా ఇరవై లీటర్ల క్యాన్ కొంటున్నాం. పక్క పొలాలు రొయ్యల చెరువులయ్యాకే ఇలా మారింది. అర్జీలు ఇచ్చాం, కదలిక లేదు.

రొయ్యల రైతు మీద నాకు కోపం లేదు. మా తమ్ముడూ సాగు చేస్తున్నాడు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చింది, 2025లో మన రొయ్యల మీద అమెరికా సుంకాలు పెంచింది. రెండుసార్లూ మా ఊరి లెక్కలే తారుమారయ్యాయి. యూరప్‌కు పోయే రొయ్యలో యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే సరుకు వెనక్కి వస్తుంది. ఆ భయంతోనే ఇక్కడ రొయ్యను పరీక్షించే ల్యాబులు వచ్చాయి. మంచిదే. కానీ అదే చెరువు నీళ్ళు కాలువలోకి వదిలితే ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు? కొనేవాడికి రొయ్య ముఖ్యం. మా నీళ్ళు మన ప్రభుత్వమే చూసుకోవాలి గదా సార్!

వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తీరంలో రొయ్యల సాగును అదుపు చేసేందుకు 2005లో చట్టమూ వచ్చింది.

ఈ ఎండాకాలం లోపు తీర గ్రామాల్లో బావులకు, బోర్లకు ఉప్పు పరీక్ష చేయించండి. ఫలితాలు ఊరి సచివాలయం గోడ మీద తెలుగులో అంటించండి. మా బావితోనే మొదలుపెట్టండి, తాడూ చేదా నేనే తెస్తాను.

ఇట్లు,
విడవలూరు మండలం గృహిణి