ఒరేయ్ వాసూ, థీసిస్ సంగతి

ఒరేయ్ వాసూ,

"బీఏ పాలిటిక్స్‌కి కూడా థీసిస్ ఏంట్రా, నాలుగు పేపర్లు చదివి రాసేయడమేగా" అన్నావు చూడు, ఆ మాటకి మెసేజ్‌లో జవాబిస్తే చాలదనిపించింది. ఓపికుంటే చదువు, లేకపోతే ఆదివారం చదువు.

మొదట నేను రాసిచ్చిన టాపిక్ 'భాషాప్రయుక్త రాష్ట్రాలు'. మా గైడ్ మేడం ఆ కాగితం చూసి, ఇది టాపిక్ కాదు, లైబ్రరీలో ఒక బీరువా అన్నారు. నిజమే కూడా. కోసి కోసి చివరికి ఇక్కడికి తెచ్చాం: 1949లో ఆగిపోయిన ఆంధ్ర రాష్ట్రం 1953లో ఎందుకొచ్చింది, వచ్చినా మద్రాసు లేకుండా ఎందుకొచ్చింది.

చెన్నైలో, అదీ టీ.నగర్‌లో పెద్దనాన్న వాళ్ళింట్లో కూర్చుని ఇది రాయడం మామూలు తలనొప్పి కాదు. ఆయన లెక్కలో ఇందులో రిసెర్చ్ చేయడానికి ఏమీ లేదు. పొట్టి శ్రీరాములుగారు ప్రాణమిచ్చారు, రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం అన్యాయంగా పోయింది, దీనికి మూడేళ్ళ డిగ్రీ ఎందుకంటాడు. అందరికీ జవాబు తెలుసు అనుకునే ప్రశ్నని మళ్ళీ అడగడం ఇంట్లో ఎంత ఇబ్బందో నీకు తెలీదులే, మీ కోడ్ రన్ అయితే అయింది, లేకపోతే లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. భాషా రాష్ట్రాల సంగతి తేల్చమని కాంగ్రెస్ వేసిన జేవీపీ కమిటీ (జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, మన పట్టాభి) 1949 ఏప్రిల్‌లోనే, మద్రాసు మీద పట్టు వదిలితే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చని రాసేసింది. అంటే సూత్రప్రాయంగా ఒప్పుకున్నట్టేగా? తర్వాత మద్రాసు రాష్ట్రాన్ని ఎలా పంచాలో చూడమని విభజన కమిటీ వేశారు, అందులో టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు విషయంలో ఒప్పుకోక విడిగా నోట్ రాశారు, కథ అక్కడ ఆగిపోయింది. 1951 ఆగస్టు 15న స్వామి సీతారాం నిరాహారదీక్షకి కూర్చున్నారు, అయిదు వారాలకి వినోబా భావే మాట మీద విరమించారు, రాష్ట్రం రాలేదు. 1952 అక్టోబరు 19న శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారింట్లో మొదలుపెట్టారు, డిసెంబరు 15న పోయారు, ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి, 19న నెహ్రూ ప్రకటన. (ఆ చోట ఇప్పుడు స్మారక భవనం ఉంది, రాయపేట హైరోడ్డులో. నువ్వొస్తే చూపిస్తా.)

చూశావా, రెండు దీక్షలు, రెండు ఫలితాలు. పైకి చూస్తే తేడా ప్రాణం పోవడమే. కానీ మధ్యలో ఇంకోటి జరిగింది: మొదటి సాధారణ ఎన్నికలు. మద్రాసు అసెంబ్లీలో 375కి కాంగ్రెస్‌కి 152 వచ్చాయి, ఆంధ్ర జిల్లాల్లో కమ్యూనిస్టులు గట్టిగా దెబ్బకొట్టారు. రెండూ మారాక ఏది పనిచేసిందో ఎలా చెప్తావు? మా వాళ్ళ టెన్షనంతా ఇదే. నీలాగా ల్యాబ్‌లో ఒకటి ఆపి ఇంకోటి నడిపించి చూసే సౌకర్యం మాకు లేదు. ఉన్నవి తేదీలు, కాగితాలు. ఎన్నికలే అసలు కారణమైతే ఫలితాలొచ్చాక అక్టోబరు దాకా ఢిల్లీ ఎందుకు కదల్లేదు? సరే, ఎన్నికలు ఒక్కటే కాదు. మరి ప్రాణత్యాగమే మొత్తం మార్చేసిందంటే, 19న ప్రకటించినదేంటో చూడు: మద్రాసు నగరం లేకుండా, వివాదం లేని తెలుగు ప్రాంతాలతో రాష్ట్రం. అచ్చం 1949లో జేవీపీ పెట్టిన షరతే! ఆ దీక్ష టైముని మార్చింది, షరతుని మార్చలేదు. నా థీసిస్ మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడింది, మిగతాదంతా దానికి సాక్ష్యాలు.

ఇది ఒకరాత్రి పెద్దనాన్నకి చెప్పా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అంటే ఆయన పోయింది ఓ నాలుగు నెలలు ముందు రావడానికా?" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, అసలు అది పొలిటికల్ సైన్స్ జవాబిచ్చే ప్రశ్న కూడా కాదేమో. అయినా దాన్ని ముందుమాటలో పెట్టాలనుంది.

నాకు బాగా ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఆ తర్వాతి మూడు నెలలు. కొత్త రాష్ట్రం ఏర్పాట్లు చూడమని కేంద్రం వేసిన వాంఛూ కమిటీ తాత్కాలిక రాజధానిగా కొన్నాళ్ళు మద్రాసులోనే ఉండనివ్వమంది. అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ససేమిరా అన్నారు. 1953 మార్చి 25న నెహ్రూ, రాజధాని ఆంధ్రలోనే ఉంటుందని తేల్చేశారు. అలా శ్రీబాగ్ ఒడంబడిక (రాజధానో హైకోర్టో రాయలసీమకి ఇవ్వాలని 1937లో కోస్తా, సీమ నాయకులు రాసుకున్నది) బయటికొచ్చింది, కర్నూలు రాజధాని అయింది, అక్టోబరు 1న రాష్ట్రం. అంటే ఒత్తిడికి ఢిల్లీ వంగింది గానీ నగరం తాళం మాత్రం ఇక్కడి ప్రభుత్వం చేతిలోనే ఉంది. మూడో చాప్టర్ అంతా ఇదే.

మా క్లాసులో ఒక తమిళమ్మాయి ఇదే కాలం మీద తిరుత్తణి (అప్పట్లో రెండు భాషలవాళ్ళూ మాదన్న సరిహద్దు ఊరు) కోణంలో రాస్తోంది. మనవాళ్ళు మద్రాసు మనదేనంటుంటే, అప్పుడు తమిళ నాయకుడు మా.పొ.సి. (శివజ్ఞానం) వాళ్ళు తిరుపతి మాదన్నారు. క్యాంటీన్‌లో మేమిద్దరం ఒకే రోజు పేపర్లు పక్కపక్కన పెట్టుకుని చదువుతుంటే భలే నవ్వొస్తుంది, ఒకే మీటింగ్ రెండు పేపర్లలో రెండు ఊళ్ళలో జరిగినట్టుంటుంది. తెలుగు పత్రికలు ఒక్కటే చదివి ఈ థీసిస్ రాసేవాడిని నమ్మకూడదని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

పార్లమెంటు చర్చలు నెట్‌లోనే దొరుకుతాయి, పాత పేపర్ల కోసం ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి పోతుంటా. ఒకచోట మాత్రం అనుమతి ఉత్తరం మీద స్టాంపు సరిగా లేదని తిప్పి తిప్పి చంపారు, అది వదిలెయ్. ఫుట్‌నోట్ల గురించి అడగొద్దు. పెద్దనాన్న ఏమో హైదరాబాద్ కూడా కలుపు, పదేళ్ళ ఉమ్మడి రాజధాని ఇచ్చారుగా, పోల్చు అంటాడు. మంచి ఐడియానే, కానీ అది కలిపితే ఎంఏ అయ్యేదాకా ఇదే రాస్తుంటా.

నీతో పనుంది. మూడో చాప్టర్ పంపిస్తున్నా. రాజకీయాలంటే పడని నీలాంటివాడికి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది. ఎక్కడ బోర్ కొట్టిందో అక్కడ గీత పెట్టు, ఎక్కడ నేను వాదించకుండా ఊరికే పొగిడానో అక్కడ ఇంకా గట్టిగా గీత పెట్టు. "సూపర్ మచ్చా" అని బొటనవేలు బొమ్మ పంపి తప్పించుకున్నావో, సంక్రాంతికి మీ ఇంటికొచ్చి మొత్తం చదివి వినిపిస్తా.

నీ
రవి