నది గాలాల ప్యాకెట్‌లో చట్టం ఒప్పుకోని కొక్కేలు: ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం వారికి,

విషయం: మౌమీ నదిలో వాలై అనే చేపల సీజన్‌కు అమ్మిన ఫ్లోటింగ్ జిగ్ హెడ్‌లలో (కొక్కేనికి ఫోమ్ తల తొడిగిన, నీళ్లలో తేలే గాలాలు) లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీరు ‘మౌమీ, సాండస్కీ నదులకు చట్టబద్ధం’ అని అట్ట మీద అచ్చు వేసి అమ్ముతున్న పది హెడ్‌ల ప్యాకెట్ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ రెండు నదుల్లో ఒంటి కొక్కెమే వాడాలి. దాని కాడకీ మొనకీ మధ్య ఎడం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు, దాటకూడదు. మీ ప్యాకెట్‌లోని కొక్కేలను వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే నాలుగింటికి ఎడం 14 మిల్లీమీటర్ల పైనే వచ్చింది. రేవులో అధికారి పట్టుకుంటే జరిమానా కట్టాల్సింది గాలం వేసినవాళ్లే. మీ అట్ట చూపిస్తే వదిలెయ్యరు.

ఆ నిబంధన ఊరికే పెట్టింది కాదు. గుడ్లు పెట్టడానికి ఎగువకు వచ్చే వాలైలు లోతు తక్కువ ఉన్నచోట గుంపులుగా నిలబడతాయి. వాటి మధ్య నుంచి లైన్ (గాలం దారం) అడ్డంగా సాగుతుంటే పెద్ద కొక్కెం వీపుకో పొట్టకో గుచ్చుకుంటుంది. నోటి లోపల కాకుండా ఇంకెక్కడ తగిలినా ఆ చేపను వదిలెయ్యాల్సిందే. గుడ్లతో ఉన్న ఆడచేపకు అలాంటి గాయం చెయ్యడం మాకు సుతరామూ ఇష్టం లేదు.

రెండో లోపం: తేలాల్సిన హెడ్‌లు తేలడం లేదు. పారదర్శకమైన గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, రెండంగుళాల రబ్బరు తోక తొడిగి వదిలితే కొన్ని మెల్లగా అడుక్కి జారాయి. కారణం కంటికే కనిపిస్తోంది. కొక్కెం కాడ దూర్చడానికి ఫోమ్‌లో పెట్టిన చీలికను జిగురుతో పూర్తిగా మూయలేదు. తోకను కాలర్ (హెడ్ వెనక తోక బిగించే మెడ) మీదికి నెట్టగానే రంగు పొర అక్కడే పగులుతోంది. నీళ్లు లోపలికి పోయి ఫోమ్ బరువెక్కుతోంది. రాళ్లకు రెండు మూడుసార్లు కొట్టుకుంటే మిగిలిన పొర కూడా ఊడిపోతుంది.

తేలని హెడ్ మౌమీలో ఎందుకూ కొరగాదు. సైడ్ కట్ పార్కు దగ్గరైనా, బ్లూగ్రాస్ దీవి దగ్గరైనా అడుగంతా సున్నపురాతి పలకలే. పది పౌండ్ల బరువు తట్టుకునే మెయిన్ లైన్‌కు సీసం గుండు, స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే లంకె), ఆ తర్వాత ఎనిమిది పౌండ్లు తట్టుకునే లీడర్ (చివర జిగ్ కట్టే లైన్ ముక్క) రెండడుగులు కడతాం. గుండు రాళ్ల మీద టక్ టక్‌మంటూ దిగువకు దొర్లాలి, జిగ్ దాని వెనకాల అడుక్కి జానెడు పైన ఈదాలి. హెడ్ మునిగితే రాతి సందులో ఇరుక్కుంటుంది. ఇరికిన ప్రతిసారీ లీడర్ తెగి జిగ్ నదిలోనే మిగులుతుంది.

కొక్కెం చెవిలో (లైన్ కట్టే రంధ్రంలో) రంగు గడ్డకట్టడం చిన్న విషయమే గాని, మార్చి చలిలో మొద్దుబారిన వేళ్లతో దాన్ని పొడిచి తియ్యడం నరకం. సరిగ్గా తియ్యకపోతే అంచు కోసుకుని ముడి దగ్గరే లైన్ తెగుతుంది.

ఈరీ సరస్సు పడమటి రీఫ్‌లలో (నీళ్లలో మునిగిన రాతి తిన్నెల దగ్గర) ఈ అర అంగుళం నియమం లేదు. అక్కడ పడవ లోంచి నిలువుగా జిగ్ ఆడిస్తారు, పెద్ద కొక్కేలు చెల్లుతాయి. సరస్సు కోసం తెప్పించిన కొక్కేలే నది ప్యాకెట్లలో కలిసిపోయాయని మా అనుమానం. ప్యాకింగ్‌కు ముందు అర అంగుళం గేజ్‌తో ఒక్కసారి సరిచూస్తే ఈ కలగాపులగం ఆగిపోతుంది.

మేం కోరేవి ఇవి. కొన్న ప్యాకెట్లన్నిటికీ పూర్తి డబ్బు వాపసు ఇవ్వండి. బ్యాచ్ నంబర్ కనిపించే ఫొటోలు, కొలతల ఫొటోలు, రసీదు జతచేశాం. ఆ బ్యాచ్‌ను దుకాణాల నుంచి వెనక్కి తెప్పించండి. కొన్నవాళ్లకు కొక్కెం కొలత గురించి వెంటనే హెచ్చరిక పంపండి. నీళ్లు 42 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే చేపల రాక జోరందుకుంటుంది కాబట్టి, ఈ హెచ్చరిక మాత్రం వాపసు లెక్కలు తేలేదాకా ఆగకుండా ముందే పంపండి. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
మీ వినియోగదారులు